ఒకటి నొక్కే వీధి

తెనాలి సున్నంబట్టీ వీధిలో ఫోన్ మోగి, అవతల ఎవరో చదువుకున్న ఆడపిల్ల తియ్యగా నమస్కారం పెడితే, అది ప్రభుత్వం వారి ఫోనని పసిపిల్లలకి కూడా తెలుసు. మనిషి కాదు, రికార్డు. మీ వీధిలో మురుగు కాలువల నిర్వహణ పట్ల మీరు సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అంటుంది. రికార్డని తెలిసీ జైనబ్ బీ ప్రతిసారీ "నమస్తే అమ్మా, బాగున్నాం" అని మర్యాదగా బదులు చెప్పి, అప్పుడు ఒకటి నొక్కుతుంది.

ఆ ఉదయం ఫోన్ మోగేసరికి ఆవిడ రెండు చేతులూ సేమ్యా కింద ఉన్నాయి. కోడలు ఆయేషా మిషన్ పిడి తిప్పుతుంటే కిందికి జారుతున్న పోగుల్ని ఆవిడ వెదురు కర్ర మీదికి అందుకుంటోంది. ఇందులో చెయ్యి ఏమాత్రం ఆలస్యమైనా పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి.

"ఒకటి నొక్కెయ్," అంది కోడలితో, తల తిప్పకుండానే.

ఆయేషా కుడిచేత్తో పిడి వదలకుండానే ఎడమ చేత్తో ఫోన్ ఎత్తి ఒకటి నొక్కింది. ఫోన్ ధన్యవాదాలు చెప్పి ఊరుకుంది. అరుగు మీద కూర్చున్న లిఖిత ఇదంతా చూసి కళ్ళు పక్కకి తిప్పుకుంది.

లిఖిత ఆ వార్డు సచివాలయంలో కాలువలూ కుళాయిలూ వీధి దీపాలూ చూసే ఉద్యోగి. సివిల్ ఇంజనీరింగ్ చదివి, పరీక్ష రాసి, ఈ ఉద్యోగం తెచ్చుకుంది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చిపోతుంది. ఈ వీధికి ఒకటి నొక్కడం నేర్పింది ఆమే. నేర్పక తప్పలేదు. ఎవరైనా రెండు నొక్కితే ఆ ఫోన్ నంబరు మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్లోకి వస్తుంది. ఆమె ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళ కష్టం విని, వాళ్ళని పక్కన నిలబెట్టుకుని ఫోటో తీసి, సమస్య తీరింది, సంతృప్తిగా ఉన్నారు అని పైకి పంపాలి. కాలువ బాగుచేయించడం ఆమె చేతిలో లేదు. ఫోటో తియ్యడం ఉంది. రెండ్లు ఎక్కువైతే కంప్యూటర్లో వార్డు ఎర్రగా మారుతుంది, ఎర్ర వార్డు ఉద్యోగిని వీడియో కాన్ఫరెన్సులో పేరు పెట్టి లేపి అందరి ముందూ నిలబెడతారు. ప్రజల మనసు తెలుసుకోవాలని పెద్దలు ఎంతో ఆలోచించి పెట్టిన ప్రశ్న రాజధాని నుంచి బయల్దేరి సున్నంబట్టీ వీధికి చేరేసరికి, ఈ పిల్లని తిట్టించమంటారా వద్దంటారా అన్న ప్రశ్నగా మారిపోయింది. దానికి ఎవరు మాత్రం రెండు నొక్కుతారు?

ఆ పూట లిఖిత ఒంటరిగా రాలేదు. శ్యామ్ అనే లోకల్ ఛానెల్ విలేకరిని వెంటబెట్టుకుని వచ్చింది. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. సంతృప్తిలో ఈ వార్డు మొదటి స్థానంలో ఉందని, దాని మీద ఒక కథనం కావాలని పైనుంచి ఎవరో అతనికి చెప్పారు. అతను వీధి ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు. ఎక్కడ నిలబడినా కెమెరాలోకి కాలువ వస్తోంది.

రాక ఎక్కడికి పోతుంది. కొత్త సిమెంటు రోడ్డు పాత రోడ్డు మీదే వెయ్యడంతో వీధి జానెడు లేచింది. కాలువ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, పైగా వాలు తిరగబడింది. పై ఇళ్ళ మురుగంతా వచ్చి జైనబ్ బీ గుమ్మం ముందు నిలుస్తుంది. ఆవిడ ఏటా గుమ్మానికి అడ్డంగా ఒక వరస ఇటుకలు పేర్చి సిమెంటు చేయిస్తుంది. ఆయేషాకి ఇప్పుడు ఆరో నెల. ఆ ఇటుకలు దాటేటప్పుడు గోడ పట్టుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, కాలు జాగ్రత్తగా చూసుకుని దాటుతుంది.

"మేడం, ఆ మంచం కొంచెం ఇటు జరిపితే కాలువ కనపడదు," అన్నాడు శ్యామ్.

మంచం మీద తడి సేమ్యా ఆరేసి ఉంది. "అటు పెడితే ఈగలు ముసురుతయ్యి బాబూ," అంది జైనబ్ బీ.

"రెండు నిమిషాలే మామ్మా."

లిఖితే ఒక పక్క పట్టింది. మంచం కాలువ మీదికి జరిగింది. శ్యామ్ మైకు జైనబ్ బీ ముందు పెట్టాడు.

"మామ్మా, మీ వీధిలో కాలువలు ఎట్లా ఉన్నాయి?"

జైనబ్ బీ మైకు వంక చూడలేదు. లిఖిత మొహం వంక చూసింది. "ఈ అమ్మాయి ఎండనక వాననక వచ్చి చూసుకుంటదయ్యా. సొంత కూతురు కూడా అట్టా రాదు. మాకేం లోటు లేదు," అంది.

శ్యామ్‌కి కావలసింది దొరికింది. అతను వెళ్ళాక లిఖిత మంచం మళ్ళీ యథాస్థానానికి లాగబోయింది. అప్పటికే పోగుల మీద నల్లగా ఈగలు. జైనబ్ బీ ఆ మంచం మీది సేమ్యా అంతా గంపలోకి ఎత్తి కోళ్ళకి వేసింది.

మధ్యాహ్నం లిఖిత మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. సున్నంబట్టీ వీధి కాలువ కోసం ఆమె కష్టపడి ఎస్టిమేటు తయారుచేసింది. ఎండలో టేపు పట్టుకుని వీధంతా కొలిచి, ఎక్కడ ఎంత లోతు తియ్యాలో, ఏ మలుపులో వాలు మార్చాలో గీసి, పైకి పంపింది. అది తిరిగి వచ్చిందని గుమాస్తా చెబితే నమ్మలేక నేరుగా పై ఇంజనీరు డీఈ గారి గదిలోకి వెళ్ళింది.

డీఈ గారు చెడ్డమనిషి కాదు. కింది ఉద్యోగుల మీద అరిచే అలవాటు లేదు, సెలవడిగితే ఇస్తారు. ఆయన కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పారు. వార్డులన్నీ రంగు రంగుల గళ్ళుగా ఉన్నాయి. ఆమె వార్డు పచ్చి మిరపకాయలా పచ్చగా ఉంది.

"ఈసారి వర్కులు ఎర్ర వార్డులకే ఇమ్మన్నారమ్మా. జనం అసంతృప్తిగా ఉన్నచోట ముందు చెయ్యాలి కదా. న్యాయమే కదా," అన్నారు.

"మా వీధిలో నీళ్ళు గుమ్మాల్లోకి వస్తున్నాయి సార్."

"వస్తే రెండు నొక్కేవాళ్ళు కదా. ఒక్కళ్ళు కూడా నొక్కలేదు. నేనేమని రాయను?"

లిఖిత దగ్గర దానికి సమాధానం ఉంది. ఉన్నా చెప్పుకునేది కాదు. ఆయనకీ తెలుసు, ఈ ఆఫీసులో తెలియనిదెవరికి. ఆయన తెరని మళ్ళీ తన వైపు తిప్పుకున్నారు.

"ఎల్లుండి ఈ ఫోన్లది ఇంకో పెద్ద రౌండు ఉంది," అన్నారాయన చివరికి. "ఎన్నికల కోడ్ రాకముందు అదే ఆఖరు. కోడ్ వచ్చిందంటే ఎన్నికలయ్యేదాకా ఏ పనీ మొదలుపెట్టడానికి లేదు, ఈలోపు వానలు పడతాయి. అన్నట్టు నీ బాపట్ల ట్రాన్స్‌ఫర్ ఫైలు నా దగ్గరే ఉంది. పచ్చ వార్డుల వాళ్ళకే ముందు ఇమ్మన్నారు. ఈ రౌండు కూడా ఇట్లాగే వస్తే సంతకం అయిపోతుంది."

"ఎర్రగా వస్తే సార్?"

"కాలువ వస్తుంది," అన్నారాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "నీకు మెమో వస్తుంది. బాపట్ల సంగతి ఇక మాట్లాడుకోనక్కర్లేదు."

సాయంత్రం రైల్లో ఆమెకి కిటికీ పక్కన చోటు దొరికింది. నిడుబ్రోలు దాటాక చీకటి పడింది. ఇంటికి చేరేసరికి మూడేళ్ళ కూతురు స్టెల్లా అమ్మమ్మ దేవకుమారి భుజం మీద నిద్రపోయి ఉంటుంది, పొద్దున లేచేసరికి తను ఉండదు. ఆదివారం చర్చిలో కూడా ఆ పిల్ల అమ్మమ్మ పక్కనే కూర్చుంటుంది, తన దగ్గరికి రమ్మంటే కొత్తమనిషిని చూసినట్టు చూస్తుంది. ఆ చూపు లిఖితని ఎంత కోసేదంటే, ట్రాన్స్‌ఫర్ మాట విన్న క్షణంలో ముందు ఆమెకి సంతోషమే కలిగింది. కాలువ తర్వాత గుర్తొచ్చింది. అలా సంతోషపడినందుకు దారిపొడుగునా తనని తాను తిట్టుకుంది.

మర్నాడు ఆమె సచివాలయానికి వెళ్ళకుండా స్టేషన్ నుంచి నేరుగా సున్నంబట్టీ వీధికి నడిచింది. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది.

"రేపు ఫోన్ వస్తుందండి. ఈసారి రెండు నొక్కండి."

మొదటి ఇంటావిడ మాణిక్యమ్మ వితంతు పింఛను మీద బతుకుతుంది. ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగిపోయింది. "ఎందుకమ్మా, మేమేం తప్పు చేశాం?" అంది.

"తప్పు కాదండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంతే."

"ఉన్నది చెబితే పింఛను ఆపుతారంటగా."

"ఎవరన్నారండి? దానికీ దీనికీ సంబంధం లేదు."

మాణిక్యమ్మ సరేనంది. ఆ సరే అనడంలోనే నొక్కనని అర్థమైపోయింది. పక్కింట్లో ఒక పెద్దాయన, ఇది ప్రతిపక్షం వాళ్ళు చెప్పించినదా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆ ఎదురింటివాళ్ళు, మమ్మల్ని పరీక్షిస్తున్నారా మేడం, మేమెప్పుడూ ఒకటే నొక్కుతాం అని ఒట్టు పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన అబద్ధాన్ని నమ్మకంగా పాటించినవాళ్ళు, ఇవాళ నిజం చెబుతుంటే అనుమానంగా చూస్తున్నారు. వాళ్ళని అనడానికి ఆమెకి నోరు రాలేదు.

జైనబ్ బీ మేడ మీద ఉంది. మురుగు దగ్గర మంచాలు వెయ్యడం మానేసి సేమ్యా అంతా పైకి చేరవేస్తోంది. కోడలు నిచ్చెన ఎక్కకూడదు కాబట్టి మోకాళ్ళ నొప్పులతో తనే ఎక్కుతోంది. కొడుకు ఇస్మాయిల్ డ్యూటీకి వెళ్ళబోతూ కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. లిఖిత చెప్పింది విని అతను సూటిగా అడిగాడు.

"రెండు నొక్కితే కాలువ వచ్చిద్దా మేడం?"

"వస్తుంది. అందరూ నొక్కితే కచ్చితంగా వస్తుంది."

"మరి ఇన్నాళ్ళూ ఒకటి నొక్కమన్నారేంటి?"

లిఖిత తల వంచుకుంది. "నా ఉద్యోగం కోసమండి," అంది.

ఇస్మాయిల్ ఇంకేదో అనబోయి, పైనుంచి తల్లి చూపు తగిలి ఊరుకున్నాడు. జైనబ్ బీ ఒక్కో మెట్టూ దిగి వచ్చి, ఆయాసం తీర్చుకుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"మరి ఇప్పుడు నీ ఉద్యోగానికి ఏమవుద్దమ్మా?"

"ఏం కాదు పిన్నిగారూ."

అప్పుడే లిఖిత ఫోన్ మోగింది. బాపట్ల నుంచి వీడియో కాల్. కట్ చేద్దామనుకునేలోపే స్టెల్లా మొహం తెర నిండా వచ్చింది. "అమ్మా, ఇవాళ వెలుతురుండగా వస్తావా?" అని అడిగింది. వస్తానమ్మా అంటే నమ్మలేదు. "అమ్మమ్మా, అమ్మ మళ్ళీ అట్లాగే అంటంది," అని ఫిర్యాదు చేసి ఫోన్ అమ్మమ్మకి ఇచ్చేసింది.

జైనబ్ బీ ఆ చిన్న మొహాన్ని చూసింది. ఫోన్ పెట్టేశాక నెమ్మదిగా అడిగింది.

"సొంతూరికి మార్పించుకోకూడదా?"

"అడిగానండి."

"ఇస్తామన్నారా?"

"చూస్తామన్నారు."

"మేం ఏది నొక్కితే ఇస్తారు?"

లిఖిత చెప్పలేదు. చెప్పకపోయినా మొహంలో కనిపించే ఉంటుంది. "అవన్నీ మీకెందుకు పిన్నిగారూ. ఆయేషా ఆ ఇటుకలు దాటుతుంటే నాకు గుండె ఆగిపోతోంది. రెండు నొక్కండి, మీరు నొక్కితే వీధంతా నొక్కుతుంది," అంది.

జైనబ్ బీ కొంగు నడుముకి దోపుకుని, "సరే తల్లీ, నేను చెబుతాలే అందరికీ," అంది. మళ్ళీ నిచ్చెన ఎక్కింది.

రౌండు రోజున లిఖిత ఆఫీసులోనే ఉంది. వీధి వైపు వెళ్ళాలనిపించినా వెళ్ళలేదు. మెమోకి ఏమని సమాధానం రాయాలో మనసులో రెండు మూడు రకాలుగా రాసుకుంది. సాయంత్రం డీఈ గారు కబురు పెట్టారు. తెర మీద ఆమె వార్డు ఎప్పటికంటే ముదురు పచ్చగా ఉంది. ఒక్క రెండు కూడా లేదు.

"అదృష్టవంతురాలివమ్మా," అన్నారాయన. ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సంతకం అప్పటికే అయింది. ఆమె కాలువ ఎస్టిమేటు బల్ల మీద ఇంకో మూల ఉంది. ఆయన దాన్ని ఆమెకి తిరిగి ఇచ్చేశారు.

ఆ రాత్రి ఛానెల్లో శ్యామ్ కథనం వచ్చింది. పచ్చటి వార్డు, నవ్వుతున్న ముసలావిడ, తెల్లటి సేమ్యా ఆరేసిన మంచం. తర్వాత చర్చలో ఒక విశ్లేషకుడు ఈ సంతృప్తి ఓట్లుగా మారుతుందా మారదా అని చాలాసేపు మాట్లాడాడు. రెండో ఆయన అంకెల్లో తప్పుందన్నాడు. మంచం కింద ఏముందని ఎవరూ అడగలేదు. దేవకుమారి అది చూసి, మీ వార్డేనటే అని మురిసిపోయింది. లిఖిత లేచి వెళ్ళి కూతురి పక్కన పడుకుంది.

రెండు రోజుల తర్వాత ఆమె స్థానంలో శ్రీకర్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. బాపట్ల జిల్లాలోని నగరం మండలం వాడు, కొత్త పెళ్ళికొడుకు, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. వాల్వులు ఎక్కడున్నాయో, ఏ స్తంభం మీద లైటు తరచూ పోతుందో చూపిస్తూ ఆమె అతన్ని వార్డంతా తిప్పింది. ఆఖరికి సున్నంబట్టీ వీధికి తీసుకొచ్చింది.

అతను కాలువ చూసి ఆగాడు. "వాలు రివర్సులో ఉంది కదండీ," అన్నాడు. ఆ లోపం అతను వెంటనే కనిపెట్టినందుకు ఆమెకి సంతోషమూ కలిగింది, జాలీ కలిగింది.

వీళ్ళని చూడగానే జైనబ్ బీ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. మొహం పండగలా ఉంది. అప్పటికే కబురు తెలుసు.

"పాపకి చెప్పావా ఇంక రోజూ వెలుతురుండగానే వస్తానని?" అంది. "నేను చెబితే వినకుండా ఉంటారా. ఇంటింటికీ తిరిగి చెప్పా. ఈ పిల్ల మనకోసం తన నోటి కాడి కూడు తీసేసుకుంటంది, ఎవరన్నా రెండు నొక్కారంటే నేను వాళ్ళ గడప తొక్కనని చెప్పా. మాణిక్యమ్మకయితే నేనే దగ్గరుండి నొక్కించా."

"నేను రెండు కదా నొక్కమన్నాను," అంది లిఖిత.

"నువ్వు అంటావులే. మాకు తెలవదా? ఇన్నేళ్ళూ ఉన్న మురుగే, ఇంకో ఏడు ఉంటది. పిల్లకి ఈ మూడేళ్ళు మళ్ళీ వస్తయ్యా?"

లోపల ఆయేషా ఇటుకల వరస దగ్గరికి వచ్చి, గోడ పట్టుకుని, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది. లిఖిత చెయ్యి అందించి దాటించింది. అప్పుడు అరుగు మీద జైనబ్ బీ ఫోన్ మోగింది. పెద్ద రౌండు అయిపోయినా విడి కాల్స్ వస్తూనే ఉంటాయి. ఆవిడ ఎత్తగానే అదే తియ్యటి గొంతు నమస్కారం పెట్టింది, కాలువల సంగతే అడిగింది. జైనబ్ బీ కళ్ళజోడు కోసం వెతుక్కుంటోంది. లిఖిత ఆ ఫోన్ తీసుకుని రెండు నొక్కింది.

ఇన్నాళ్ళలో ఆ వీధి నుంచి నిజం పైకి వెళ్ళడం అదే మొదలు. ఆమెకి ఒక్క క్షణం గుండె బరువు దిగినట్టయింది. ఆ క్షణం కూడా పూర్తి కాలేదు.

"మేడం," అన్నాడు శ్రీకర్. కోపంగా కాదు, చాలా మెల్లగా అన్నాడు. "పొద్దున్న చార్జి నేను తీసుకున్నానండి. అది నా పేరు మీద పడుతుంది."

లిఖితకి ఆ సంగతి తెలియక కాదు. నొక్కేటప్పుడు గుర్తు రాలేదు, గుర్తు రాకపోవడానికి కారణమేంటో ఆమెకి ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. బ్యాగులో బాపట్ల ఆర్డరు ఉంది. ఇంత సులువుగా నిన్నటిదాకా ఎప్పుడూ ఆమె వేలు ఆ అంకె మీదికి వెళ్ళలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

జైనబ్ బీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆవిడకి విషయం అర్థమైంది. లిఖిత చేతిలోంచి ఫోన్ తీసుకుని కొంగున దోపుకుంది. శ్రీకర్ దగ్గరికి వెళ్ళి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"దిగులు పడకు బాబూ. పొద్దున్నే వచ్చి ఫోటో తీసుకో, అంతా బాగుందనే చెబుతా," అంది.